ఆ రెండు రోజులు తిరిగినందుకు తప్పు చేసినట్టుంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావారికి ఉద్యోగం మారడంతో నాలుగు నెలల కిందట హైదరాబాద్ వచ్చి మియాపూర్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. మాతోపాటు అత్తయ్య, ఆరేళ్ల బాబు ఉంటారు. అత్తయ్యకి ఒంటరిగా లిఫ్ట్ ఎక్కాలంటే భయం, కిందికి కూడా దిగరు. మూడు నెలలు ఇల్లు, స్కూలు తప్ప ఏమీ చూడలేదు. గత నెలలో ఒక శనివారం పొద్దున్నే మావారు ఉన్నట్టుండి ‘పదండి, అలా తిరిగొద్దాం’ అన్నారు. ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ చూశాం. మర్నాడు లుంబినీ పార్కు, బోటులో వెళ్లి బుద్ధ విగ్రహం. అత్తయ్య మోకాళ్ల నొప్పులని రానన్నారు. ఈ ఊరు వచ్చాక మేం ముగ్గురం అంతగా నవ్వింది అప్పుడే. ఆదివారం రాత్రి వచ్చేసరికి అత్తయ్య అన్నం తినకుండా పడుకున్నారు. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ‘ఉద్యోగానికొచ్చారా, షికార్లకొచ్చారా’ అన్నారు. మావారు కూడా ఐదు వేలు ఖర్చయిందని లెక్క చూసి, ఇక ఇలాంటివి వద్దన్నారు. మేం చేసింది తప్పా?

సమాధానం: తప్పు కాదమ్మా. మీ ఉత్తరంలో సగం పేజీ మ్యూజియంలోని గడియారం గురించే ఉంది, చోటు చాలక ఇక్కడ వేయలేకపోయాను. గంట కొట్టే వేళకి గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికి రావడం, మీ బాబు ఒక్కో దెబ్బా వేళ్ల మీద లెక్కపెట్టడం, పన్నెండూ అయ్యాక ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వాడిని చూసి ‘సరిపోయాయా’ అని అడగడం. మూడు నెలలు ఆ ఫ్లాట్లో బిక్కుబిక్కుమంటూ గడిపిన మనిషి అంత ఇష్టంగా రాసిందంటే, ఆ రెండు రోజులు మీకు ఎంత అవసరమో నాకు అర్థమైంది. అలా తిరిగితేనే కొత్త ఊరు మనదవుతుంది.

అయితే ఒక మాట. ‘మేం ముగ్గురం’ అని రాశారు. ఊరు వదిలి వచ్చింది మీరు నలుగురు. మీవారికి ఆఫీసుంది, బాబుకి స్కూలుంది, మీకు కనీసం స్కూలు గేటు దగ్గర నలుగురు తల్లులు కనిపిస్తారు. మీ అత్తయ్య ఊళ్లో అరుగు మీద కూర్చుంటే దారిన పోయే ప్రతివాళ్లూ పలకరించేవాళ్లు. ఇక్కడ తలుపు వేస్తే గోడలే. లిఫ్ట్ ఎక్కలేని మనిషి రెండు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్కరే ఉన్నారు. ఆవిడ కోపం మీ షికారు మీద కాదని నా నమ్మకం. ఒంటరిగా ఉండడానికి భయమేసిందని కోడలితో చెప్పుకోలేక, నోటికి ఆ మాట వచ్చి ఉంటుంది.

మా అమ్మని ఈ ఊరు తీసుకొచ్చిన కొత్తలో నేనూ ‘నువ్వు రెస్ట్ తీసుకోమ్మా’ అంటూ వెళ్లిపోయేదాన్ని. ఆవిడకి కావాల్సింది రెస్ట్ కాదు, మాట్లాడే మనిషి. అది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

ఇంకోటి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు మొదటిసారి ‘నేనెందుకులే, మీరెళ్లండి’ అంటారు. రెండోసారి అడుగుతారేమోనని చూస్తారు. ఆ శనివారం హడావిడిలో రెండోసారి అడిగారో లేదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తిరిగినందుకు సారీ చెప్పకండి. ‘మిమ్మల్ని ఒక్కరినే అంతసేపు వదిలేశాం అత్తయ్యా, తప్పయింది’ అని చెప్పండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ముందు లిఫ్ట్ సంగతి చూడండి. వారం రోజులు సాయంత్రం ఆవిడతో కిందికి దిగండి, బటన్ ఆవిడ చేతే నొక్కించండి. అపార్ట్‌మెంట్ కింద బెంచీల మీద ఆవిడ వయసు వాళ్లు ఉంటారు. ఆ తర్వాత మెట్రో. స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది, పైగా మీ మియాపూర్ మొదటి స్టేషన్ కాబట్టి కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. చార్మినార్ మెట్లు ఆవిడ వల్ల కాదు, వదిలేయండి. లుంబినీ పార్కులో బెంచీ మీద కూర్చుంటే చాలు. ఆ బుద్ధుడి విగ్రహం 1990లో తరలిస్తుండగా హుస్సేన్‌సాగర్‌లో మునిగిపోయి, రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉండి, 1992లో పైకి వచ్చింది. అప్పట్లో పేపర్ల నిండా అదే వార్త. బాబుకి ఆ కథ చెప్పగలిగేది మీ ఇంట్లో ఆవిడే. ఇంకో రోజు పొద్దున్నే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లండి. అక్కడ హుండీ ఉండదు, ప్రదక్షిణలు చేసేవాళ్లని చూస్తూ ఓ పక్కన కూర్చోవచ్చు.

అన్నిసార్లూ ఆవిడని తీసుకెళ్లాలని కాదు. మీరిద్దరే వెళ్లే రోజులూ ఉండాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. కాకపోతే ఎన్నింటికి వస్తారో చెప్పండి, చెప్పిన టైముకి రండి, మధ్యలో ఒక ఫోన్ చేయండి.

మీవారి టెన్షన్ కూడా తీసిపారేయకండి. ఐదు వేలల్లో ఎక్కువ భాగం క్యాబ్‌లకీ, హోటళ్లకీ పోయిందని మీరే రాశారు. నెలకి ఇంత అని ఒక కవర్లో పెట్టేయండి. ఏ రోజు, ఎక్కడికి అన్నది మీవారి బుద్ధి పుట్టినట్టు ఉండనివ్వండి, ఆయనలో ఆ గుణం మంచిది. పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుంటే పూట గడిచిపోతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో ఇక్కడి అడ్రస్ ఉండాలి. మీది, అత్తయ్యది ఇంకా అమలాపురం అడ్రస్‌తోనే ఉంటే ఈ నెలలోనే మార్పించుకోండి. బాబు స్కూల్లో ఉన్నప్పుడు అప్పుడప్పుడూ మీరూ అత్తయ్యా వెళ్లి రావచ్చు, ఆయన మూడ్ కోసం శనివారం దాకా కాచుకోనక్కర్లేదు.

ఈ రాత్రికి ఒక పని చేయండి. బాబుని వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చోబెట్టి, ఆ గడియారంలో బొమ్మ ఏం చేసిందో చెప్పమనండి. మీరు వంటింట్లోనే ఉండండి. చూస్తానని ఆవిడ అంటే శుక్రవారం మాత్రం బయల్దేరకండి, ఆ రోజు మ్యూజియంకి సెలవు.