వైజాగ్ ఎప్పుడు రావాలి, సంచిలో ఏం పెట్టాలి: శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. శ్రావణికి,

ఆశీస్సులు. దసరా సెలవులకి రమ్మంటావా, వేసవికి రమ్మంటావా అని అడిగావు. రెండూ వద్దు. సంక్రాంతి రద్దీ తగ్గాక, జనవరి 20 నుంచి ఫిబ్రవరి నెలాఖరు లోపు ఎప్పుడైనా రండి. పిల్లలకి బడి పోతుందంటావు, తెలుసు. రిపబ్లిక్ డే పక్కన శని ఆదివారాలు కలిసొస్తే ఒకటి రెండు రోజులు సెలవు పెట్టిస్తే సరిపోతుంది. దసరాకి వచ్చి నాలుగు రోజులూ కిటికీలోంచి వాన చూసి వెళ్ళే కంటే అది నయం.

ముందు వేసవి సంగతి చెప్తాను. మే నెలలో ఫోను హైదరాబాద్‌కి 41 అనీ, వైజాగ్‌కి 34 అనీ చూపిస్తుంది. అది చూసి ఇక్కడేదో చల్లగా ఉందనుకుని టికెట్లు కొనేసేవాళ్ళు బోలెడుమంది. మీ ఊళ్ళోది పొడి ఎండ. చెమట పట్టింది పట్టినట్టే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఇక్కడ గాలి నిండా సముద్రపు తేమ. చెమట ఆరదు, కారుతుంది. రాత్రయినా ఉక్క తగ్గదు, అర్ధరాత్రి కూడా 28 దగ్గరే ఉంటుంది. అందుకని ఉష్ణోగ్రత ఒక్కటే చూడకు, దాని కింద ‘ఫీల్స్ లైక్’ అని ఉండే అంకె చూడు. పైన 34 ఉన్న రోజున కింద 42, 43 కనిపిస్తాయి. మన ఒంటికి తెలిసేది ఆ కింది అంకే.

పగలు పదకొండు ప్రాంతంలో సముద్రం మీంచి గాలి తిరిగితే కాస్త ప్రాణం లేచొస్తుంది. మే చివర, జూన్ మొదట్లో ఆ గాలి కూడా రాని రోజులుంటాయి. పడమటి గాలి బలంగా వీస్తే సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వదు, అప్పుడు ఇక్కడా 40 దాటుతుంది, వడదెబ్బలు తగిలేది అప్పుడే. ఇంకోటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మీ ఆయన వంజరం పులుసు కోసం వస్తానంటే ఆ రెండు నెలలూ దొరికేది తక్కువ, ధర ఎక్కువ. వేసవిలో ఇక్కడ బాగుండేవి తాటిముంజలు, మామిడిపళ్ళు. వాటి కోసం ఐదుగురు ఉడికిపోనక్కర్లేదు.

జూన్ రెండో వారం తరవాత వానలు మొదలవుతాయి. అరకు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉండేది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే. కాకపోతే ఆ రోజుల్లో ఘాట్ సెక్షన్‌లో కొండరాళ్ళు పట్టాల మీద పడి, ఇక్కణ్ణుంచి అరకు వెళ్ళే కిరండూల్ బండి మధ్యలో ఆపేయడమో, రద్దు చెయ్యడమో మామూలే. మీ ఇద్దరే అయితే రమ్మనేదాన్నేమో. పిల్లలతో, పెద్దావిడతో వద్దు.

ఇక దసరా. ఇక్కడ ఏడాదంతటిలో ఎక్కువ వాన పడేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. తుపానులు కూడా ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే తీరం దాటతాయి. హుద్‌హుద్ సరిగ్గా ఈ ఊరి మీదే 2014 అక్టోబరు 12న తీరం దాటింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ఏటా అలా అవుతుందని కాదు. అయితే తప్పనిసరిగా దసరాకే రావాల్సివస్తే బయల్దేరే ముందు ఐదు రోజులు వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండు. ‘అల్పపీడనం’ అంటే రెండు మూడు రోజుల వాన, రావచ్చు. అది ‘వాయుగుండం’గా మారి ఉత్తరాంధ్ర వైపు వస్తోందంటే టికెట్లు రద్దు చేసుకో, ‘తుపాను’ అనేదాకా ఆగకు. పోర్టులో ఎగరేసే హెచ్చరికలు కూడా టీవీలో చెప్తారు. ఒకటి, రెండు నంబర్లు ఎక్కడో దూరాన ఉందని. మూడో నంబరు అంటే ఇక్కడే గాలివాన తప్పదని, ఆ రోజు బీచ్ మాట ఎత్తొద్దు. ఎనిమిది నుంచి పది దాకా అయితే ఇల్లు కదలకూడదు. రైలు వాళ్ళే రద్దు చేస్తే పూర్తి డబ్బు వెనక్కొస్తుంది. నువ్వు ముందే రద్దు చేసుకుంటే కొంత కోత పడుతుంది. ఆ కోత భరించు.

నవంబరు చివర్నుంచి గాలి మారుతుంది. జనవరిలో పగలు 28, రాత్రి 19, 20. ఉక్క ఉండదు, మధ్యాహ్నం కూడా తిరగొచ్చు. మరి డిసెంబరు ఎందుకు వద్దన్నానంటే, ఆ నెల చివరి పది రోజులూ అరకులో గది దొరకదు, దొరికినా రేటు వినలేం. ఘాట్ రోడ్డు మీద కార్లు వరసగా నిలబడిపోతాయి. వలిసె పూలు మాత్రం నవంబరు, డిసెంబరుల్లోనే. కొండవాలు మొత్తం పసుపు పూసినట్టుండే ఆ పూలే చూడాలంటే డిసెంబరు మొదటి పదిహేను రోజుల్లో, శని ఆదివారాలు వదిలేసి రండి. నా ఓటు మాత్రం ఫిబ్రవరి మొదటి వారానికే.

ఇంకో చిన్న సంగతి. మేం మీకంటే తూర్పున ఉన్నాం, మాకు పొద్దు ముందే పొడుస్తుంది, ముందే కుంకుతుంది. చలికాలంలో ఐదున్నర, ఆరు గంటలకల్లా పొద్దు కుంకిపోతుంది. సాయంత్రం ఐదింటికి బీచ్‌కి బయల్దేరితే పిల్లలకి అరగంట వెలుగు కూడా మిగలదు. సూర్యుడు సముద్రంలోంచి వచ్చేది పొద్దున్న, ఆరున్నరకి. అప్పుడు ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు కూడా ఉండవు. ముసుగుతన్ని పడుకునే అలవాటు ఆ నాలుగు రోజులు మానుకోండి.

సర్దుకోవడం దగ్గరికొద్దాం. మా ఇంట్లోనే దిగుతారు కాబట్టి తువ్వాళ్ళు, దుప్పట్లు, సబ్బులు ఏవీ తేవద్దు. ఐదు రోజులకి పెద్దవాళ్ళకి మనిషికి ఆరు జతలు, పిల్లలకి ఎనిమిది. పల్చటి నూలు బట్టలే. లోదుస్తులు ఇంకో రెండు ఎక్కువ పెట్టు. ఉతికిన బట్ట మీ ఊళ్ళో గంటలో ఆరుతుంది, ఇక్కడ నీడపట్టున ఆరేస్తే మర్నాటిదాకా తేమగానే ఉంటుంది. జీన్స్ ఒక్కటి చాలు, అదీ రైల్లో వేసుకొచ్చింది. తడిస్తే రెండు రోజులు ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి.

సముద్రంలో దిగే బట్టల్లో మాత్రం నూలు పనికిరాదు. తడిసి బరువెక్కి ఒంటికి అంటుకుపోతుంది, ఇసుక పట్టుకుంటే వదలదు. నైలాన్ లేదా పాలిస్టర్ నిక్కర్లు, ముదురు రంగు టీషర్టులు మనిషికి ఒక జత విడిగా పెట్టు. చీరతో, చున్నీతో అలల్లోకి దిగకండి. అల వెనక్కి పోయేటప్పుడు తడి గుడ్డ కాళ్ళకి చుట్టుకుని మనిషిని పడేస్తుంది. చీర కట్టుకుంటే తడి ఇసుక దాకా వచ్చి ఆగిపోండి.

చెప్పులు రబ్బరువే, వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పుల్ని అల లాక్కుపోతుంది. తోలు చెప్పులు ఉప్పునీటికి బిగుసుకుపోయి పగుళ్ళిస్తాయి. తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద పాచి ఉంటుంది, ఫోటోల కోసం ఎక్కించకు.

టోపీలకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేకపోతే గాలికి పోతాయి. మడత గొడుగు కూడా ఆ గాలికి తిరగబడి ఊచలు విరుగుతుంది, తేవద్దు. జనవరి ఎండ చుర్రుమనదు కదా అని అందరూ మోసపోతారు. రెండు గంటలు నీళ్ళలో ఆడితే సాయంత్రానికి ముక్కు, భుజాలు కందిపోతాయి. ఎస్‌పీఎఫ్ 30 అయినా ఉన్న సన్‌స్క్రీన్ బయటకి వెళ్ళే పదిహేను నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారీ, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవున పిండితేనే లెక్క. చుక్క పెట్టి పులిమితే పూసినట్టు కాదు.

ఫోన్లకి జిప్ కవర్లు మనిషికొకటి. ఇసుక పడ్డ కెమెరా అద్దాన్ని గుడ్డతో తుడిచెయ్యకండి, గీతలు పడతాయి, ముందు ఊదాలి. చార్జింగ్ రంధ్రం తడిగా ఉండగా చార్జర్ పెడితే ఉప్పు పట్టి పిన్నులు చెడిపోతాయి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు నాలుగు పెట్టు. పెద్దది లీటరు నీళ్ళకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. పిల్లలు తాగడం లేదని పెద్ద ప్యాకెట్‌ని గ్లాసెడు నీళ్ళలో కలిపేస్తుంటారు. ఉప్పు ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యి.

నీళ్ళ విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తున్నాను. ఆర్కే బీచ్‌లోనూ, యారాడలోనూ ఈత వద్దు. పిల్లలకి మోకాలి లోతు హద్దు, అదీ చెయ్యి పట్టుకుని. అలలు రెండు పక్కలా విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, ముదురు రంగులో, నురగ లేకుండా కనిపిస్తుంది. నెమ్మదిగా ఉందని అక్కడే దిగుతారు అందరూ. ఒడ్డుకొచ్చిన నీరంతా వెనక్కి పోయేది ఆ పాయలోంచే, లోపలికి లాగేస్తుంది. పొరపాటున చిక్కితే ఒడ్డుకేసి ఈది అలిసిపోకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది పాయ దాటాక వెనక్కి రావాలి. అల్లుడుగారికి ఈ ముక్క చదివి వినిపించు. ఈత వచ్చినవాళ్ళకే ధైర్యం ఎక్కువ. నీళ్ళలో ఆడాలంటే రుషికొండ వెళ్దాం, అక్కడ లైఫ్‌గార్డులుంటారు, స్నానాలకి గదులుంటాయి.

అరకుకి వేరే సంచి సర్దు. సముద్రం పక్కన ఊలుబట్టలతో పనిలేదు గానీ అక్కడ జనవరి తెల్లవారుజామున పది డిగ్రీల కిందకి పోతుంది. మనిషికో స్వెటర్, చెవులు మూసే టోపీ, రెండు జతల సాక్సులు చాలు. దోమల మందు కూడా అందులోనే పెట్టు, సాయంత్రాలు పొడుగు చేతుల చొక్కాలు వెయ్యి. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ బండికి అద్దాల పెట్టెలో (విస్టాడోమ్ అంటారు) సీట్లు చూడు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే కొనకపోతే దొరకవు. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు పెట్టుకుందాం. సొరంగాలు చూసినట్టూ ఉంటుంది, దారిలో బొర్రా గుహలు దిగినట్టూ ఉంటుంది. ఘాట్ మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకోకుండా కారెక్కే అరగంట ముందు, డాక్టరు వాళ్ళ వయసుకి చెప్పిన మోతాదులో మాత్ర వేసి, రెండు ఇడ్లీల కంటే ఎక్కువ పెట్టకు.

మీ అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి గుర్తుంది. బొర్రాలో వందల మెట్లు, లోపల తడి. ఆవిడ పైనే కూచోవచ్చు, తోడు నేనుంటాను. బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి, అది ఆవిడకి కుదరదు. దానికి సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. కైలాసగిరికి రోప్‌వే ఉంది కాబట్టి ఆవిడ హాయిగా రావచ్చు. మాత్రలు రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో పెట్టమను. ఇన్సులిన్ ఆగి ఉన్న కారులో వదలొద్దు, అలాగని ఐసు మీద నేరుగా కూడా పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనిచెయ్యదు. సింహాచలం నేనే తీసుకెళ్తాను. స్వామిని చందనం పూత లేకుండా చూపించే నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే, ఆ రోజు తోపులాట ఆవిడ తట్టుకోలేరు, అందుకోసమని ఏప్రిల్, మేలకి మార్చకండి.

టికెట్లు కొనేటప్పుడు దిగే స్టేషను చూసుకో. హౌరా వైపు పోయే కొన్ని బళ్ళు విశాఖపట్నం స్టేషనుకి రావు, దువ్వాడలో ఆగి అటే పోతాయి. అక్కడ దిగితే ఊళ్ళోకి రావడానికి గంట, ఆటో ఖర్చూనూ. రాత్రి బయల్దేరి పొద్దున్నే విశాఖపట్నంలోనే దించే బండి చూసుకుంటే పిల్లలు నిద్రలోనే వచ్చేస్తారు.

తారీఖులు తేలగానే ఫోను చెయ్యి. అరకులో గది నేను చెప్పి ఉంచుతాను, రెండు మంచాలా మూడా అన్నది మాత్రం నువ్వు చెప్పాలి. అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి తింటారో లేదో కూడా రాయి.

ఇట్లు,
పెద్దమ్మ