హక్కు ఎవరిదని కాదు, ఏ పేజీలో ఉందో అడగండి

(పాఠకుల ప్రశ్నలకు జవాబులు: అమలాపురంలో చాలాకాలం దస్తావేజులు రాసి, ఇప్పుడు ఏఐతో కాగితాలు చదివిస్తున్న ఒక లేఖరి)

ప్రశ్న: మా మామగారు, ఆయన అన్నగారు 1968లో రాసుకున్న భాగపరిష్కార దస్తావేజు, ఆ తర్వాతి లింకు డాక్యుమెంట్లు కలిపి 60 పేజీలు దాటాయి. మా కొబ్బరి తోటకి వెళ్లాలంటే బావగారి తోట గట్టు మీంచే దారి. ఈమధ్య ఆయన కంచె వేశారు. కాగితాలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి ఏఐకి ఇచ్చి, ‘మాకు దారి హక్కు ఉంది కదా, ఎక్కడ రాశారు?’ అని అడిగాను. ఆరడుగుల దారి ఉందని, 20 ఏళ్లకు పైగా వాడుతున్నారు కాబట్టి హక్కు మీదేనని చెప్పింది. బావగారి అబ్బాయి అదే దస్తావేజు పెట్టి అడిగితే దారి ప్రస్తావనే లేదందట. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ప్రస్తుతానికి రెండూ నమ్మకండమ్మా. మీరు ‘ఉంది కదా’ అని అడిగారు. అలా అడిగితే ఉందనే వైపే మొగ్గడం వీటికి అలవాటు. మనుషులు మెచ్చుకున్న జవాబుల్ని చూపించి వీటికి తర్ఫీదు ఇస్తారు, అందుకని పెళ్లిళ్ల పేరయ్యలా ఎవరింటికి వెళితే వాళ్లకి నచ్చే మాట చెబుతాయి. మీ బావగారి అబ్బాయి ‘దారి లేదు కదా’ అని అడిగాడేమో కనుక్కోండి.

తర్వాతది ఫొటోల సంగతి. 1968 నాటిదంటే చేతిరాతే అయ్యుంటుంది. స్టాంపు కాగితం మీద రిజిస్ట్రారు ఆఫీసు గుండ్రటి ముద్ర సరిగ్గా సర్వే నెంబరు మీద పడుతుంది, అంకెలు సిరాలో కలిసిపోతాయి. మనిషైతే కళ్లజోడు తుడుచుకుని, ‘ఇది కనపడ్డం లేదండీ’ అంటాడు. ఏఐ చాలాసార్లు ఏదో ఒక అంకె వేసేసి ముందుకెళ్లిపోతుంది. అందుకని ముందు ఒక్క పేజీ ఇచ్చి, ‘ఉన్నది ఉన్నట్టు రాయి, చదవలేని చోట చుక్కలు పెట్టు’ అనండి. సర్వే నెంబర్లు, సెంట్లు, నాలుగు హద్దులు వేలు పెట్టి సరిచూసుకోండి. అక్కడే తేడాలుంటే మిగతా పేజీలు ఇవ్వడం దండగ. పాత చేతిరాత చదవగలిగే పెద్దాయన ఎవరినైనా కూర్చోబెట్టి టైపు చేయించి, ఆ ప్రతి ఇవ్వండి. అసలు కాగితం చిరిగిపోయి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. పెద్ద ఫైలు ఇస్తే చాలా యాప్‌లు దాన్ని మొదటి నుంచి చివరిదాకా మోడల్‌కి, అంటే లోపల జవాబు రాసే ఏఐకి, చూపించవు. ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క అర్థాన్ని అంకెల వరుసగా మార్చి దాచుకుంటాయి. మన ప్రశ్నకి దగ్గరగా కనిపించిన కొన్ని ముక్కలే తీసి మోడల్ ముందు పెడతాయి. 2020లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం దీనికి ఆర్‌ఏజీ (రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్, అంటే వెతికి తెచ్చుకుని జవాబు రాయడం) అని పేరు పెట్టింది. వార్తలకి, పాఠ్యపుస్తకాలకి ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. దస్తావేజులకి మాత్రం నడవదు, అది మా రాతలోని గుణం. ఎవరు ఏ వాటాదారో మొదటి పేజీలో రాస్తాం, షరతులు నడుమ రాస్తాం, ఆస్తి వివరం, హద్దులు ఆఖర్న షెడ్యూలులో వేస్తాం. నడుమ వాక్యం ఇలా ఉంటుంది: ‘సదరు బి షెడ్యూలు ఆస్తికి పోవు బాటను, నీరు పారు బోదెను ఇరువురు వాటాదారులును ఉమ్మడిగా అనుభవించవలయును.’ ఇందులో మీ తోట ఊసు లేదు, సర్వే నెంబరు లేదు, మీ మామగారి పేరూ లేదు. బి షెడ్యూలు ఎవరిదో తెలియాలంటే ముందు పేజీ, వెనక పేజీ రెండూ తిరగేయాలి. ఆ మూడు ముక్కల్లో ఒక్కటే చేతికొస్తే ‘మీరడిగిన దారి ప్రస్తావన లేదు’ అంటుంది. మీ బావగారి అబ్బాయి విషయంలో ఇదే జరిగి ఉండొచ్చు, అతన్ని తప్పు పట్టడానికి లేదు.

ఇక మీకొచ్చిన జవాబులో ఆ 20 ఏళ్ల లెక్క. అది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పక్కవాళ్ల భూమి మీద దారి, నీరు లాంటి హక్కుల గురించి చెప్పేది) 15వ సెక్షన్‌లోది. చట్టం నిజమే, కానీ ఆ మాట మీ దస్తావేజులోంచి వచ్చింది కాదు. పంచుకున్న రోజే దారి రాసిచ్చుకుంటే 20 ఏళ్ల లెక్కతో పనేముంది? ఎక్కడో చదివింది తెచ్చి, మీ కాగితంలో ఉన్నదానితో కలిపేసింది. వినడానికి నప్పేలా ఉంటుంది కాబట్టి ఈ రకం తప్పు పట్టుకోవడం కష్టం.

ఈసారి ఇలా అడగండి: ‘ఈ కాగితాల్లో దారి, బాట, పుంత, గట్టు, బోదె, రాకపోకల గురించి ఉన్న ప్రతి వాక్యాన్నీ మార్చకుండా రాయి. పక్కన పేజీ నెంబరు వేయి. వాక్యంలో సదరు అని ఉంటే అది దేని గురించో, ఆ సంగతి ఏ పేజీలో ఉందో చెప్పు. లేకపోతే లేదని చెప్పు. బయటి చట్టాలు కలపకు.’ హక్కు ఎవరిదని మాత్రం అడగొద్దు. బోదె ఎందుకు చేర్చానంటే, మన డెల్టాలో దారికీ బోదెకీ తరచూ ఒకే వాక్యంలో షరతు పెడతారు. వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్లూ ఆ బోదె ఎవరికీ గుర్తుకురాదు, ధవళేశ్వరంలో నీళ్లు వదలగానే తగువు మొదలవుతుంది.

జవాబు వచ్చాక ఆ పేజీలు తీసి మీ కళ్లతో చదవండి. కొటేషన్ గుర్తులు పెట్టి మరీ లేని వాక్యం అల్లిన సందర్భాలు ఉన్నాయి. వాక్యం నిజంగా ఉంటే, ఆ రెండు మూడు పేజీలు పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లండి. 60 పేజీల కట్ట ఆయన బల్ల మీద పడేయడం కన్నా పని తొందరగా తేలుతుంది. దానికన్నా ముందు బావగారింటికి వెళ్లి కాఫీ తాగుతూ ఆ పేజీ చూపిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: ఒకేసారి పది లక్షల టోకెన్లు (ఏఐ పాఠాన్ని లెక్కపెట్టుకునే చిన్న చిన్న మాటల తునకలు) చదివే మోడళ్లు వచ్చాయట కదండీ. రొయ్యల చెరువు లీజు, బ్యాంకు లోను కాగితాలు, బీమా పాలసీ అన్నీ కలిపి ఇచ్చేస్తే ముక్కల గొడవ ఉండదు కదా?
– ఒక రైతు, భీమవరం

జవాబు: వచ్చాయి. గూగుల్ 2024 ఫిబ్రవరిలో జెమిని 1.5తో ఆ లెక్క ప్రకటించింది. అయితే పట్టడం వేరు, పట్టించుకోవడం వేరు. పొడవాటి పాఠంలో మొదట్లోనూ చివర్లోనూ ఉన్న సంగతిని మోడళ్లు బాగా పట్టుకుంటున్నాయని, నడుమ ఉన్నదాన్ని వదిలేస్తున్నాయని 2023లో ఒక పరిశోధన తేల్చింది. ఆ తర్వాతి మోడళ్లు మెరుగుపడ్డాయి, నేనైతే ఇంకా నిశ్చింతగా లేను. బీమా పాలసీలో ఏ నష్టానికి డబ్బు రాదో చెప్పే క్లాజులు ఉండేది ఆ నడుమనే మరి.

పైగా తెలుగు కాగితం ఇంగ్లీషు కాగితం కన్నా ఎక్కువ చోటు తింటుంది. ‘స్త్రీ’ అనేది మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్లు అక్షరాలకి వాడే యూనికోడ్ పట్టికలో ఆరు గుర్తులు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు.

మూడింటినీ కలపకండి, లీజు తేదీ తెచ్చి పాలసీ తేదీగా చెప్పే ప్రమాదం ఉంది. ఒక్కోటి విడిగా పెట్టి అడగండి. పాలసీకి చివర ఎండార్స్‌మెంట్ కాగితం జతచేసి ఉంటే అది వదలొద్దు, లోపలి షరతుని అది మార్చేసి ఉండొచ్చు.

ప్రశ్న: కాగితాల్లో ఆధార్ నెంబర్లు, వేలిముద్రలు ఉన్నాయి. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: అలాగే పెట్టొద్దండీ. ఆధార్‌లో చివరి నాలుగంకెలు ఉంచి మిగతావి, పాన్ నెంబరు, ఫొటోలు, వేలిముద్రలు తెల్లకాగితం ముక్కతో కప్పి అప్పుడు ఫొటో తీయండి. మీ ప్రశ్నకి వాటితో పని ఉండదు. మీరిచ్చింది మోడల్ శిక్షణకి వాడుకోకుండా ఆపే మీట చాలా యాప్‌ల సెట్టింగ్స్‌లో ఉంటుంది, ముందు అది చూసుకోండి. అన్నదమ్ముల ఉమ్మడి కాగితమైతే మిగతావాళ్లకి ఓ మాట చెప్పి పెట్టండి.