ఫైర్‌ప్లేస్ మీద టీవీ: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వాట్సాప్‌లో పంపిన ఫొటో చూశాను. ఇల్లు బాగుంది. హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్, దాని మీద ఖాళీ గోడ, ఆ గోడకి బిల్డర్ ముందే పెట్టించిన ప్లగ్ పాయింటు. ఫొటో కింద నువ్వు రాసింది ఒకే ఒక్క మాట: "75 అంగుళాల టీవీ ఆర్డర్ పెట్టా మామయ్యా, వేడి తగలకుండా ఏం చేయాలి?" ఫోన్లో చెప్తే సగం వింటావు, ఆ సగం కూడా కారు దిగేసరికి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ ప్లగ్ సంగతి. అక్కడ ప్లగ్ ఉందంటే అక్కడి వేడి ఎవరో కొలిచి చూసి, టీవీ పెట్టుకోవచ్చని తేల్చారని కాదు. ఇళ్లు కొనేవాళ్లు అడుగుతారు కాబట్టి పెడతారు, అంతే. మిషిగన్‌లో మా ఇంటికీ అలాగే పెట్టారు. నేనూ నీలాగే నమ్మాను. మొదటి టీవీ రెండు చలికాలాలు బతికింది. రెండో ఏడు భోగికి బయట మోకాలి లోతు మంచు. భోగిమంట వేసే దారి లేక, పొద్దున్నుంచి రాత్రి దాకా ఫైర్‌ప్లేస్ ఫుల్లుగా వెలిగించి అదే భోగి అనుకున్నాం. పైన టీవీలో హైదరాబాద్ నుంచి వచ్చే ప్రోగ్రాములు, కింద మంట. ఆ వారంలోనే తెర కింది అంచున, సరిగ్గా మధ్యలో, టీ ఒలికినట్టు ఒక మరక కనబడింది. నెల తిరిగేసరికి సగం తెర చీకటి. రిపేరుకి వచ్చిన కుర్రాడు టీవీని ముట్టుకోకముందే ఫైర్‌ప్లేస్‌ని ఫొటో తీసుకున్నాడు. వారంటీ రాదని అప్పుడే అర్థమైంది. వేడి పుట్టించే వస్తువుల దగ్గర పెట్టకూడదని మాన్యువల్లో రాసే ఉంది. చదవంది నేను.

మా నాయనమ్మ పొయ్యి పైన దండెం కట్టి, విత్తనానికి దాచిన మొక్కజొన్న కంకులు దానికి వేలాడదీసేది. బాగా ఎండాలి, పురుగు పట్టకూడదు అనుకున్నదే అక్కడికి ఎక్కేది. నేను ఏరికోరి టీవీని ఎక్కించాను.

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని, టీవీ ఉన్న చోట థర్మామీటర్ పెట్టి చూశాను. 124 ఫారెన్‌హీట్. మన లెక్కలో 51 డిగ్రీలు. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో కూడా టీవీకి అంత శిక్ష పడదు. చాలా టీవీల మాన్యువల్లో చుట్టూ ఉండే గాలి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్, దాటకూడదని ఉంటుంది. నీ మోడల్‌కి ఎంత రాశారో చూడు. ఆ అంకె దాకా నిశ్చింత అని మాత్రం అనుకోకు. పెద్ద టీవీ తానే 150, 200 వాట్ల కరెంటు తాగి దాన్ని వేడిగా వెనక రంధ్రాల్లోంచి వదలాలి. బయటి గాలే కాలుతుంటే ఆ వేడి ఎక్కడికి పోతుంది? లోపలి బోర్డు మీద ఉండే కెపాసిటర్లు అనే చిన్న భాగాలకు ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒక మోటు లెక్క చెప్తారు: వేడి పది డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఆయుష్షు సగం. అందుకే వేడి ఒక్క రోజులో టీవీని చంపదు. ఎనిమిదేళ్లు రావాల్సింది మూడేళ్లకు పోతుంది, మనం కంపెనీని తిట్టుకుంటాం.

కాబట్టి అల్లుడూ, గోడకి కన్నం పెట్టే ముందు కొలువు. నేను చెప్పేదంతా ఈ ఒక్క పని తర్వాతే. ఏదైనా పెద్ద అట్టపెట్టెలోంచి టీవీ అంత ముక్క కోసి, గోడకి మూడు నాలుగు అంగుళాల ఎడంగా, టీవీ రాబోయే చోట నిలబెట్టు. ఒట్టి గోడ మీద కొలిస్తే సరైన అంకె రాదు. టీవీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని కిందా వెనకా గాలి చిక్కుకుంటుంది. వైరు కొసన చిన్న మొన ఉండే డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చుకో. ఒకటి అట్ట కింది అంచున మధ్యలో, ఇంకోటి అట్ట వెనక అతికించు. మంట ఫుల్లుగా పెట్టి రెండు మూడు గంటలు వదిలెయ్. అరగంటకోసారి అంకె రాసుకో. మొదటి అరగంట చూసి సంబరపడకు, గోడ నానినట్టు మెల్లగా వేడెక్కుతుంది. అట్ట ఉన్నంతసేపూ నువ్వు ఆ గదిలోనే ఉండు, బుజ్జిదాన్ని మేడ మీదికి తీసుకెళ్లమని మీ ఆవిడతో, అదే అమ్మాయితో, చెప్పు. తుపాకీలా గురిపెట్టే థర్మామీటర్ నీ దగ్గరుందని తెలుసు. అది పైపై వేడే చెప్తుంది, గాలి సంగతి చెప్పదు. మెరిసే వాటి మీదైతే తప్పు కూడా చెప్తుంది.

90 ఫారెన్‌హీట్ లోపు ఉంటే హాయిగా బిగించుకో. 90కీ 100కీ మధ్య ఉంటే కింద చెప్పే పనులు చేసి మళ్లీ కొలువు. 100 దాటితే ఆ గోడని మర్చిపో, లేదా మంటని మర్చిపో. ఈ గీతలు నేను గీసుకున్నవి. మాన్యువల్ ఇంకొంచెం ఉదారంగా ఉండొచ్చు, నాకు మాత్రం చేతులు కాలాయి.

ఇక తగ్గించే దారి. వేడి గాలి ఫైర్‌ప్లేస్ నోట్లోంచి బయటికొచ్చి, గోడని పట్టుకుని పైకి పాకుతుంది. దాన్ని గోడ నుంచి దూరంగా నెట్టేదే మాంటెల్, ఆ అడ్డంగా ఉండే పలక. నీ ఫొటోలో ఉన్నది నాలుగు అంగుళాలు కూడా లేదు, అలంకారానికి తప్ప పనికిరాదు. నేను పది అంగుళాల లోతు పలక వేయించాక 124 కాస్తా 97కి దిగింది. టీవీని ఇంకో ఆరు అంగుళాలు పైకి జరిపాక 91. అంతకన్నా ఖరీదైన మందు ఏదీ వాడలేదు.

కానీ ఆ పలక చెక్కదైతే అదీ కాలే వస్తువే. ఇటుకలతో కట్టిన పాత ఫైర్‌ప్లేస్‌కి ఇక్కడి బిల్డింగ్ కోడ్‌లో లెక్క ఉంది: నోటికి 6 అంగుళాల లోపు చెక్క ఉండకూడదు. 12 అంగుళాల లోపు ఉన్న చెక్క, ఎంత దూరంలో ఉంటే అంగుళానికి అంగుళంలో ఎనిమిదో వంతు చొప్పునే ముందుకు రావాలి. అంటే పది అంగుళాల దూరంలో ఉన్నది అంగుళంపావు మించకూడదు. నీది ఫ్యాక్టరీలో తయారైన గ్యాస్ యూనిట్, దాని మాన్యువల్లో మాంటెల్ లోతుకి ఎంత ఎత్తు కావాలో బొమ్మ వేసి ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ ఎత్తూ పెరగాలి. అంత ఎత్తు కుదరకపోతే చెక్క మానేసి రాయో ఇనుమో పెట్టించు, వాటికీ ఆ మాన్యువల్ ఏమంటుందో చూసుకుని.

నీ ఫ్రెండు టీవీ వెనక అల్యూమినియం ఫాయిల్ అంటించమన్నాడని చెప్పావు. వేడి వస్తున్నది ముందు నుంచి, కింద నుంచి. వెనక రేకు అంటిస్తే ఏం లాభం? గొడుగుని వీపున కట్టుకున్నట్టు. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. ఫైర్‌ప్లేస్ పైనా కిందా ఉండే గాలి సందులకి రేకు అడ్డం పెట్టేవాళ్లున్నారు. ఆ పని మాత్రం చచ్చినా చేయకు. ఆ యూనిట్ ఊపిరి పీల్చేది వాటితోనే. బ్లోయర్, అంటే గాలి తోసే ఫ్యాన్, ఉంటే వేసుకో, వేడిని గదిలోకి తోస్తుంది. వేశాక మళ్లీ కొలువు, కొన్నింట్లో అది తిన్నగా టీవీ కిందికే ఊదుతుంది. ఇల్లు ఇంకా కడుతుండగా అడిగి ఉంటే, వేడిని గోడ లోపల్నుంచే తీసుకెళ్లి టీవీకి పైన వదిలే 'కూల్ వాల్' రకం పెట్టించమనేవాణ్ని. ఇప్పుడు గోడ పగలగొట్టి పెట్టించేంత విలువ దానికి లేదు.

అద్దం ముందు ఉన్న జాలీ తీసేస్తే మంట అందంగా కనిపిస్తుందని ఎవరైనా అంటే వినకు. ఈ దేశంలో 2015 జనవరి నుంచి తయారయ్యే గ్యాస్ యూనిట్లకి ఆ జాలీ ఇచ్చి తీరాలని పెట్టింది, చేతులు కాలిన పసిపిల్లల్ని చూశాకే. పాకే పిల్ల ఉన్న ఇల్లు మీది.

సౌండ్‌బార్, అదే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకరు, దాని గురించి ఎవరూ ఆలోచించరు. అది టీవీకి కింద, ఇంకా వేడి గాలిలో కూర్చుంటుంది. దాని దగ్గర కూడా ఒకసారి కొలువు.

ఇంకో సంగతి, మెడ. మాంటెల్ పైన 75 అంగుళాల టీవీ అంటే దాని మధ్యభాగమే ఆరడుగుల పైమాట. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది. మీ అమ్మ వచ్చిందంటే సాయంత్రం ఆరు నుంచి పది దాకా సీరియళ్లు. అసలే మెడనొప్పి మనిషి. అందుకని కిందికి లాక్కునే స్టాండు కొందామంటావు. మంచిదే, మా ఇంట్లోనూ ఉంది. కానీ కిందికి లాగితే టీవీ ఎక్కడికొస్తుంది? సరిగ్గా మంట ముందుకి. పైన ఉన్నప్పుడు తీసుకున్న కొలతలన్నీ దండగ. మంట వెలుగుతుంటే కిందికి లాగకూడదు, ఆర్పి గోడ చల్లారాకే లాగాలి. మా ఇంట్లో ఇది పిల్లలకీ చుట్టాలకీ కంఠతా వచ్చిన రూలు.

వైర్ల సంగతి క్లుప్తంగా. టీవీతో వచ్చిన పవర్ కార్డుని గోడ లోపల్నుంచి పోనివ్వకూడదు, కోడ్ ఒప్పుకోదు. ప్లగ్ ఎలాగూ పైనే ఉంది కాబట్టి నీకు ఆ బాధ లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ మాత్రం గోడలో వేయడానికి పనికొచ్చే సీఎల్2 రకం కొను. లోపల పొగగొట్టం ఎటు పోతోందో తెలియకుండా డ్రిల్లు పెట్టకు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే నామోషీ ఏం లేదు.

మాంటెల్ పెద్దదైతే అమ్మాయి దాని మీద వినాయకుణ్ని పెడుతుంది, దీపం పెడుతుంది, అగరొత్తులు వెలిగిస్తుంది. మీ అత్తయ్య అదే చేసింది. మంట నుంచి కాపాడుకున్న టీవీ కింది అంచు దీపం మసితో నల్లబడింది. ఇప్పుడు దేవుడికి వేరే గూడు కట్టించాం, ఇద్దరికీ బాగుంది.

నిజం చెప్పనా? మన ఇళ్లలో ఫైర్‌ప్లేస్ వెలిగేది ఏడాదికి పది పదిహేను సాయంత్రాలు, అదీ ఎవరైనా భోజనానికి వస్తే. మీరూ అంతేనైతే ఇంత తంటా అక్కర్లేదు. చిన్న మంట పెట్టుకోండి, ఫుల్లుగా పెట్టిన రోజు టీవీ ఆపెయ్యండి. లేదూ, మంట కంటికి కనబడితే చాలంటే ఎలక్ట్రిక్‌ది ఉంది. హీటర్ వేసినా 1500 వాట్లు, అంటే ఇక్కడ వేడిని కొలిచే లెక్కలో గంటకి సుమారు 5,100 బీటీయూ. మా గ్యాస్‌ది 30,000. హీటర్ ఆపి ఒట్టి వెలుతురు మంట పెట్టుకుంటే టీవీకి దిగులే లేదు. వేడి పైనుంచి కాకుండా కింది నుంచి ముందుకి ఊదే రకం చూసుకో.

రోజూ మంట ముందు కూర్చునే అలవాటు చేసుకుంటామంటే మాత్రం టీవీని పక్క గోడకి పెట్టు. ఫొటోలో కిటికీకి ఎడమవైపు తొమ్మిది అడుగుల గోడ ఖాళీగా కనబడుతోంది. నన్నడిగితే అదే దాని చోటు. కానీ ఇల్లు నీది, అమ్మాయి మాట కూడా విను.

ఈ శనివారం అట్ట ముక్కతో ఆ పని చేసి, మూడో గంట అంకెలు రెండూ పంపు. అప్పటిదాకా టీవీ పెట్టెలోనే ఉండనీ. మీ అమ్మ టికెట్ ఏ తేదీకి తీశావో కూడా రాయి, అత్తయ్య ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది.

ఇట్లు,
మామయ్య