ఇమామ్ అబూ హనీఫా ఎవరు? ఆయన పేరుతో న్యాయపద్ధతి ఎలా వచ్చింది?

అబూ హనీఫా (699–767) ఇరాక్‌లోని కూఫాలో పట్టుబట్టల వ్యాపారి. హమ్మాద్ అనే పండితుడి దగ్గర ఏళ్ల తరబడి ధర్మశాస్త్రం చదివారు.

ఖురాన్‌లో, హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల్లో) నేరుగా జవాబు లేకపోతే, తెలిసిన తీర్పుతో పోల్చి చెప్పడం 'ఖియాస్'. ఆ పోలిక జనాన్ని ఇబ్బందిపెడితే దాన్ని పక్కనపెట్టి మేలైనది ఎంచుకోవడం 'ఇస్తిహ్సాన్'. ఉదాహరణకు, ఇంకా తయారుకాని వస్తువును అమ్మకూడదు. మరి చెప్పులు కుట్టమని ముందే బేరం కుదుర్చుకుంటే? లోకంలో అందరూ చేసే పనే కాబట్టి హనఫీలు, అంటే అబూ హనీఫా పద్ధతిని అనుసరించేవారు, ఒప్పుకున్నారు. బజారు తెలిసినవాళ్ల తర్కం ఇది!

ఖలీఫా మన్సూర్ ఇవ్వజూపిన ఖాజీ (న్యాయమూర్తి) పదవిని ఆయన కాదన్నారు, బాగ్దాద్ చెరసాలలో కన్నుమూశారని ప్రతీతి. విచిత్రంగా, శిష్యుడు అబూ యూసుఫ్ ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యారు. గురువు బోధనలను గ్రంథస్థం చేసినవారిలో మరో శిష్యుడు షైబానీ ముఖ్యుడు.

తర్వాత ఒట్టోమన్లు, మొఘలులు ఈ పద్ధతినే పాటించారు. భారత సున్నీల్లో అత్యధికులు హనఫీలే. అయితే భార్య విడాకులు కోరే దారులు ఇందులో బాగా ఇరుకు. అందుకే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం మరో సున్నీ న్యాయపద్ధతి అయిన మాలికీ సంప్రదాయం నుంచి సూత్రాలు తెచ్చుకుంది.