ఇంట్లోని మారుతీ ఎస్టీమ్‌ను రేసు కారుగా మార్చాలంటే ఇంజిన్‌తో మొదలుపెట్టకండి

"నాన్నగారు వాడిన 2003 మోడల్ ఎస్టీమ్ ఖాళీగా ఉంది. టూరింగ్ కార్ల పోటీకి తయారు చేయాలని ఉంది. చేతిలో 3 లక్షలున్నాయి. ముందు ఇంజిన్ పవర్ పెంచాలా?" అని గుంటూరు నుంచి అడిగారు. విజయవాడ ఆటోనగర్‌లో మా అన్నయ్యకు లేత్ షెడ్డు ఉంది. అక్కడే మేమిద్దరం ఇదే కారును రేసుకు సిద్ధం చేశాం. అందుకే గట్టిగా చెబుతున్నాను, ఇప్పుడే పెంచకండి. 1300 సీసీ, 16 వాల్వుల ఆ ఇంజిన్ 85 హార్స్‌పవర్ ఇస్తుంది. సుమారు 875 కిలోల కారుకు, అందులోనూ బరువు తగ్గించాక, ట్రాక్ నేర్చుకునేవారికి అది చాలు.

పానా పట్టుకునే ముందు మీరు దిగదలచుకున్న తరగతికి ఎఫ్‌ఎంఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ రేసులను నియంత్రించే సంస్థ) నిబంధనలు తెచ్చుకుని పూర్తిగా చదవండి. ఏది మార్చవచ్చో, కనీస బరువు ఎంతో, టైరు ఏదో అందులోనే తేలుతుంది. మేము చదవకుండా మొదలుపెట్టి నష్టపోయాం. దొరికిన మామూలు అతుకు పైపుతో రోల్ కేజ్, అంటే కారు పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే పైపుల పంజరం, కట్టించాం. వెల్డింగ్ చూడముచ్చటగా వచ్చింది. సుమారు 450 కిలోమీటర్లు లారీ మీద చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళితే, తనిఖీలో పైపు చూసి కారును పక్కన పెట్టించారు. వాళ్లు చేసింది సరైన పని. అంతర్జాతీయ మోటార్ రేసుల సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధన ప్రకారం డ్రైవర్ వెనక నిలిచే ప్రధాన వలయం అతుకు లేని (సీమ్‌లెస్), వేడి చేయకుండా లాగి తయారుచేసిన (కోల్డ్ డ్రాన్) స్టీలు పైపుతోనే ఉండాలి. వ్యాసం 45 మి.మీ. అయితే మందం 2.5 మి.మీ., 50 అయితే 2 మి.మీ. కేజ్ కాళ్ల కింద 3 మి.మీ. మందం, కనీసం 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు వేయాలి. లేకపోతే కారు పల్టీ కొట్టినప్పుడు పైపు కాలు నేల రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది. అది డ్రైవర్ ప్రాణానికి సంబంధించిన ప్లేటు.

కేజ్ కంటే ముందు సీట్లు, కార్పెట్టు, నేలకు అంటించిన తారు షీట్లు తీసేయండి. ఇరవై ఏళ్లు దాటిన కారు కాబట్టి ఆ షీట్ల కింద తుప్పు ఉండవచ్చు. తుప్పు రేకు మీద కేజ్ వెల్డు చేయడం వృథా. మా కారులో 130 కిలోలు తీశాం, కేజ్ మళ్లీ 38 కిలోలు పెట్టింది.

ఇక బ్రేకులు. నా లెక్కలో సగం శ్రద్ధ ఇక్కడే పెట్టాలి. 850 కిలోల కారును 160 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించడానికి దాదాపు 720 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. రెండున్నర లీటర్ల కుళాయి నీళ్లు మరగడానికి అంత వేడి కావాలి. అదంతా కొన్ని క్షణాల్లో, ఎక్కువ భాగం ముందు రెండు డిస్కుల మీద పడుతుంది, ప్రతి ల్యాపులోనూ. మా మొదటి రేసులో అయిదో ల్యాపుకు అన్నయ్య కాలు పెడల్‌తో పాటు నేలకు ఆనింది. బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి, దాని గొట్టంలో ఆవిరి పుట్టింది. ద్రవంలా కాకుండా ఆవిరి నలుగుతుంది కాబట్టి ఒత్తిడి ప్యాడ్ల దాకా చేరదు. డాట్ 3 రకం ఫ్లూయిడ్‌కు కొత్తలో మరుగు స్థానం కనీసం 205 డిగ్రీలు. తేమ పీల్చాక 140కి కూడా పడిపోవచ్చు. మన కృష్ణా తీరంలో తేమకు కొదవ లేదు. డాట్ 5.1కు ఈ అంకెలు 260, 180. ప్రతి రేసుకు ముందు కొత్త సీసా తెరవండి. రేసు ప్యాడ్లు వేయండి. ఫాగ్ ల్యాంపు రంధ్రాల నుంచి డిస్కుల దాకా గాలి గొట్టాలు లాగండి. వీటన్నిటి ఖర్చు ఇంజిన్ పనిలో పదో వంతు కూడా కాలేదు. ల్యాపు సమయం మాత్రం వీటితోనే తగ్గింది.

తరువాత నాలుగు చక్రాల తూకం. దీనికి మీ ఊరిలోనే సాయం ఉంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) తూచే ప్లాట్‌ఫాం కాటాలు నాలుగు అద్దెకు తెచ్చి, తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో వాటి మట్టం సరిచేసి, ఒక్కో చక్రం ఒక్కో కాటా మీద నిలిపాం. డ్రైవర్ సీటులో కూర్చుని ఉండాలి, లేదా అతని బరువుకు సరిపడా ఇసుక బస్తా పెట్టాలి. ముందు కుడి, వెనక ఎడమ చక్రాల బరువు కలిపితే మొత్తంలో సగానికి దగ్గరగా రావాలి. ఒక చక్రం స్ప్రింగు కూర్చునే పళ్లెం పైకి తిప్పితే ఆ మూలా, దానికి ఎదురు మూలా బరువెక్కుతాయి. ఓపికతో కూర్చుంటే ఒక రోజు పని. అది చేసేదాకా మా కారు ఎడమకు ఒకలా, కుడికి మరోలా తిరిగేది.

ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో ముక్కు బయటికి లాగుతుంది. ముందు చక్రాలను పైభాగంలో మూడు డిగ్రీల దాకా లోపలికి వంచి, వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) గట్టిది వేశాక ఆ లాగుడు బాగా తగ్గింది.

ఇంజిన్‌లో మేము తొలి ఏడాది చేసిన పెద్ద పని ఒక్కటే. పొడవైన మలుపులో ఆయిల్ అంతా సంపులో, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో, ఒక పక్కకు చేరుతుంది, పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు కాలిపోతాయి. సంపు లోపల అడ్డుగోడల్లా రేకులు వెల్డు చేయించాం. ఆటోనగర్‌లో మంచి వెల్డరుకు ఒక పూట పని. మీ 3 లక్షల్లో ఇంజిన్‌కు ప్రస్తుతం ఈ సంపు పని, కొత్త టైమింగ్ బెల్టు, ఆయిల్ పంపు, గాస్కెట్ల ఖర్చు మాత్రమే కేటాయించండి. కాటాలు తెచ్చే రోజు చెబితే మా నీటి గొట్టం తీసుకుని నేను వస్తాను.