28 వారాల లేయర్ బ్యాచ్‌లో ప్రొలాప్స్, కడుపులో పచ్చసొన: ముందు కోసి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పది వేల లేయర్లు (గుడ్ల కోళ్లు), 28 వారాల వయసు. రోజుకు నాలుగైదు చనిపోతున్నాయి. కొన్నింటికి వెనుక భాగం బయటికి వచ్చి ఉంటోంది (దీన్నే ప్రొలాప్స్ అంటాం), కొన్నింటి కడుపులో పచ్చసొన కనిపిస్తోంది. ఉత్పత్తి 82 శాతం దాటడం లేదు. ఏ మందు వేయాలి?

మందు పేరు చెప్పను. మీరు రాసినదాంట్లో కనీసం రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి, మూడోది ఉందేమోనని నా అనుమానం. తూర్పు గోదావరిలో మాకు చాలా కాలంగా లేయర్ ఫారం ఉంది. గుడ్డు సంచి జబ్బులన్నింటికీ ఒకే పొడి నీళ్లలో కలిపి పోసే అలవాటు వల్ల మందుల దుకాణాలు బాగుపడ్డాయి తప్ప కోళ్లు బాగుపడటం నేను చూడలేదు.

నాలుగు రోజుల పాటు చనిపోయిన కోళ్లను రెండు గుట్టలుగా విడగొట్టండి: వెనుక రక్తం ఉన్నవి ఒకవైపు, శుభ్రంగా ఉన్నవి ఒకవైపు. ఒక హెచ్చరిక. చావులు రోజురోజుకీ రెట్టింపవుతుంటే ఒక్క కోడిని కూడా కోయకుండా పశుసంవర్ధక శాఖకు ఫోను చేయండి. 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి మండలాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మనకు తెలిసిందే. మీ చావులు నిలకడగా ఉన్నాయి కాబట్టి చేతి తొడుగులు, మాస్కు వేసుకుని కోయవచ్చు.

రక్తం ఉన్న కోడిని వెల్లకిలా పెట్టి, మలద్వారం పైనుంచి రొమ్ము ఎముక దాకా తెరవండి. పేగులు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే అది ఏ సూక్ష్మజీవి పనీ కాదు, అదే కేజ్‌లోని మిగతా కోళ్ల పని. వాటి ముక్కుల మీద, వీపు ఈకల మీద ఎండిన రక్తం దొరుకుతుంది. గుడ్డు పెట్టిన వెంటనే అండవాహిక (గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం) చివరి భాగం ఎర్రగా, తడిగా మెరుస్తూ కాసేపు బయట ఉండి లోపలికి వెళ్తుంది. ఆ కాస్త సమయంలో పక్క కోడి ఒక్కసారి పొడిచిందంటే ఇక మిగతావన్నీ మొదలుపెడతాయి. అంటే ప్రొలాప్స్ అని మనం లెక్క రాసుకునే వాటిలో చాలావరకు పొడుచుకోవడం వల్ల జరిగే చావులే. మా షెడ్డులో ఇవి ఎక్కువగా పడమటి వైపు బయటి వరసలోనే వచ్చేవి. సాయంత్రపు ఎండ నేరుగా కేజ్‌ల మీద పడే చోటు అది. గోనె పట్టాలు కట్టాక బాగా తగ్గాయి. చిన్నప్పుడు కత్తిరించిన ముక్కులు మళ్లీ పెరిగాయేమో కూడా చూడండి. వెనుక భాగం బయటికి వచ్చిన కోడిని కనిపించిన క్షణంలోనే కేజ్ నుంచి తీసేయండి. లోపలికి నెట్టి పసుపు రాయడం పెరట్లో నాలుగు కోళ్లున్నవాళ్లకు సరే, మనకు కాదు.

పొడుచుకోకుండానే నిజంగా జారుతున్నాయా? అప్పుడు గ్రోయర్ దశ (గుడ్లకు రాకముందు పెరిగే వయసు) రికార్డు తీయాలి. శరీర బరువు ప్రమాణానికి రాకముందే గుడ్లకు తేవడానికి లైటు గంటలు పెంచితే, ఎముకల గూడు పూర్తిగా ఎదగని పిల్లకోడి పెద్ద గుడ్డు పెట్టాల్సి వస్తుంది. కొవ్వు పట్టిన కోడికీ ఇదే కష్టం. సగటు బరువు చూసి తృప్తిపడకండి. సగటుకు పది శాతం అటూ ఇటూగా ఎన్ని ఉన్నాయో చూడండి. నూటికి ఎనభై కూడా లేకపోతే అదే కారణం కావచ్చు. మొదటి వారాల్లో రెండు సొనల గుడ్లు ఎక్కువగా వచ్చాయా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి.

ఎందుకంటే రెండో గుట్టకూ దీనికీ సంబంధం ఉంది. ఒకేసారి రెండు మూడు సొనలు విడుదలైతే అండవాహిక పై చివర అన్నింటినీ అందుకోలేదు. తప్పిపోయింది కడుపులో పడుతుంది. ఒట్టి పచ్చసొన అయితే శరీరం మెల్లగా పీల్చేసుకోగలదు. ఈ.కోలి అనే బ్యాక్టీరియా చేరితేనే ప్రమాదం. కోసినప్పుడు పేగులకు పసుపు పచ్చటి పెరుగు ముద్దలు అంటుకుని, దుర్వాసన వస్తుంటే అది పెరిటోనైటిస్, అంటే కడుపు లోపలి పొరకు పట్టిన ఇన్ఫెక్షన్. అండవాహికను కూడా నిలువునా చీల్చండి. లోపల ఉడికిన సొన లాంటి గట్టి ముద్ద పొరలు పొరలుగా ఉంటే ఇన్ఫెక్షన్ చాలా రోజుల కిందటిది. అలాంటి కోడికి ఏ మందూ పనిచేయదు. మిగతా కోళ్లను కాపాడుకోవాలంటే నీళ్లు చూడాలి: నిపుల్ లైను (కోళ్లు నీళ్లు తాగే పైపు) చివర పట్టిన నీళ్లలో క్లోరిన్ 2 నుంచి 3 పీపీఎం ఉందా, పైపుల లోపల జిగురు పేరుకుందా అని. నీళ్లలో లైవ్ వ్యాక్సిన్ ఇచ్చే రోజుల్లో మాత్రం క్లోరిన్ ఆపాలి. యాంటీబయాటిక్ తప్పదనుకుంటే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల్లో మీకు దగ్గరున్నచోట సెన్సిటివిటీ పరీక్ష (ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో తేల్చేది) చేయించి, వైద్యుడు రాసిందే వాడండి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోకండి. 2019 జూలైలోనే కేంద్రం దాన్ని కోళ్లకు నిషేధించింది. మందు అవశేషాలున్న గుడ్డు తినేది మన పిల్లలే.

ఇక నా అనుమానం సంగతి. 82 దగ్గర ఆగడం ఈ చావులతో సరిపోలడం లేదు. రోజుకు నాలుగైదు చనిపోతే ఉత్పత్తి శాతం ఇంతగా పడదు. కోళ్లు బాగా తింటూ, జుట్టు ఎర్రగా ఉండి కూడా కొన్ని కేజ్‌లలో రోజూ గుడ్లు తక్కువగా వస్తుంటే, ఆ కేజ్‌లకు రంగు గుర్తు పెట్టి వారం చూడండి. వాటిలో గుడ్డు పెట్టని కోడిని కోస్తే ఎడమవైపు అండవాహిక నీళ్లతో ఉబ్బి కనిపించిందంటే, పిల్ల దశలో మొదటి రెండు వారాల్లోనే ఐబీ (ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్) వైరస్ సోకి ఉండవచ్చు. వాటి అండాశయం పనిచేస్తుంది, గుడ్డు మాత్రం బయటికి రాదు. దీనికి చికిత్స లేదు, ఏరివేయడమే. కుడివైపు చిన్న నీటి బుడగ కనిపిస్తే కంగారుపడకండి. పనికిరాని కుడి అండవాహిక అవశేషం అది, ఆరోగ్యమైన కోళ్లలోనూ ఉంటుంది.

తోలుగుడ్లు (గట్టి పెంకు లేని గుడ్లు) కూడా పెరిగితే ఈడీఎస్ (ఎగ్ డ్రాప్ సిండ్రోమ్, గుడ్లు తగ్గించే వైరస్ జబ్బు) టీకా ఎప్పుడు వేశారో చూసుకోండి. బాతులు తిరిగే కాలువ నీళ్లు వాడే ఫారాలకు ఆ వైరస్ ముప్పు ఎక్కువ.

18 వారాల బరువుల పట్టిక, లైటు ఎప్పుడు ఎంత పెంచారో, ఐబీ, ఈడీఎస్ టీకాల తేదీలు, రెండు గుట్టల లెక్క ఇక్కడ పెట్టండి. అండవాహిక చీల్చిన ఫోటో ఒక్కటైనా ఉండాలి.