గోల్డ్ డిస్క్ చేయించే ముందు

బర్కత్‌పురా, హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ కంపెనీ విడుదల చేసిన జానపద గీతం యూట్యూబ్‌లో కోటి వ్యూస్ దాటిందనీ, పాడిన అమ్మాయికి గోల్డ్ డిస్క్ బహూకరించబోతున్నారనీ, సుల్తాన్ బజార్‌లో ఫ్రేములు కట్టే అతనికి అడ్వాన్సు కూడా ఇచ్చేశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అయితే ఫ్రేము కింది ఇత్తడి పలక మీద "గోల్డ్ సర్టిఫైడ్" అని చెక్కిస్తున్నావని విన్నాక, కోఠిలో ఇరవై రెండేళ్లు క్యాసెట్ల హోల్‌సేల్ నడిపినవాడిగా ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. సర్టిఫైడ్ అంటే ఎవరో లెక్క చూసి ధ్రువీకరించారని అర్థం. నీ పాట లెక్క ఎవరు చూశారు?

ఈ ఆచారం పుట్టింది అమెరికాలో. 1942లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ, తమ రికార్డు ఒకటి పన్నెండు లక్షల ప్రతులు అమ్ముడైందని చెప్పి, దానికి బంగారు పూత వేయించి బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్‌కు బహూకరించింది. అమ్మినవారూ వారే, లెక్క చెప్పినవారూ వారే, సన్మానించినవారూ వారే. 1952లో అక్కడి రికార్డు కంపెనీలన్నీ కలిసి ఆర్‌ఐఏఏ అనే సంఘం పెట్టుకున్నాయి. ఆ సంఘం 1958లో గోల్డ్ పురస్కారానికి అందరికీ ఒకే కొలమానం పెట్టింది: సింగిల్, అంటే విడిగా అమ్మే పాట రికార్డు అయితే పది లక్షల ప్రతులు, ఆల్బమ్ అయితే టోకు ధర మీద పది లక్షల డాలర్ల అమ్మకం. ఆ ఏడాది మార్చిలో మొదటి గోల్డ్ సింగిల్ గాయకుడు పెర్రీ కోమోకు దక్కింది. ధరలు పెరిగేకొద్దీ డాలర్ల కొలత పలచబడిపోతుంది కాబట్టి, 1975 నుంచి ఆల్బమ్ అయిదు లక్షల ప్రతులు కూడా దాటాలని షరతు చేర్చారు. ఆ మరుసటి ఏడాది గోల్డ్ కంటే పై మెట్టుగా ప్లాటినం, 1999లో కోటి ప్రతులకు డైమండ్ వచ్చాయి.

నీవు గమనించవలసింది ఆ లోహాల పేర్లు కాదు, లెక్కించే పద్ధతి. అక్కడ సర్టిఫికెట్ దానంతట అది ఇంటికి రాదు. కంపెనీ దరఖాస్తు చేసుకుని, రుసుము చెల్లించి, తన పుస్తకాలు ఆడిటర్ల ముందు పెట్టాలి. క్యాసెట్లు, సీడీల కాలంలో వారు చూసింది దుకాణంలో గల్లాపెట్టె దగ్గర అమ్ముడైన సంఖ్యను కాదు, కంపెనీ గోడౌన్ నుంచి బయటికి వెళ్లిన సరుకులో వాపసు వచ్చినది తీసివేయగా మిగిలిన సంఖ్యను. ఆ వాపసు దగ్గరే అసలు కిటుకంతా ఉంది. గోల్డ్‌గా వెళ్లిన సరుకు ప్లాటినంగా తిరిగొచ్చిందని అక్కడి వ్యాపారులే వెటకారం చేసుకునేవారు.

మన దగ్గరా అదే జరిగింది. ఒక క్యాసెట్ కంపెనీ, పేరెందుకులే, ఒక సినిమాకు నాకు అయిదు వేల క్యాసెట్లు అంటగట్టి, ఆ మొత్తానికీ బిల్లు రాసి, రెండు వారాలు తిరగకుండానే ప్లాటినం డిస్క్ ఫంక్షన్ చేసింది. ఆహ్వానం వస్తే వెళ్లాను కూడా. పూలదండలు, ఫ్లాష్ లైట్ల నడుమ వేదిక మీద డిస్కులు పంచుతున్న ఆ సమయానికి మా కొట్టు అటక మీద ఆ సినిమా డబ్బాలు కట్టు విప్పకుండా ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత వాపసు పంపుదామని దించి చూస్తే, సెల్లోఫేన్ చెక్కు చెదరలేదు గాని, అట్టపెట్టె చిరిగిన వైపు కిటికీ ఎండ తగిలి క్యాసెట్ లోపలి బొమ్మ కాగితం మీద కథానాయిక చీర ఎరుపు కాస్తా గులాబీ రంగుకు దిగింది. అందులో మూడో వంతే వాపసు తీసుకున్నారు, మిగతాది నా నెత్తిన పడింది. తెలుగు సినిమా ప్లాటినం డిస్క్ వేడుకల్లో ఎన్ని క్యాసెట్లకు ప్లాటినం అని అడిగినవారిని నేనైతే చూడలేదు.

ఇప్పుడు నీ కాలానికి వద్దాం. ఆర్‌ఐఏఏ 2013 నుంచి సింగిల్స్‌కూ, 2016 నుంచి ఆల్బమ్‌లకూ స్ట్రీమింగ్‌ను లెక్కలోకి తీసుకుంటోంది. శ్రోత కోరి విన్న లేదా చూసిన 150 స్ట్రీమ్‌లు ఒక పాట అమ్మకంతో సమానం. 1,500 స్ట్రీమ్‌లు ఒక ఆల్బమ్‌తో సమానం. గోల్డ్ సింగిల్‌కు పూర్వం అడిగిన పది లక్షలు కాక ఇప్పుడు అయిదు లక్షల యూనిట్లు, అంటే అన్ని అమ్మకాలకు సమానం, కావాలంటే ఏడున్నర కోట్ల స్ట్రీమ్‌లన్నమాట. నీ కోటిని 150తో భాగిస్తే 66,666 వస్తుంది. పైగా వారు లెక్కించేది అమెరికాలోని స్ట్రీమ్‌లనే గనుక, కరీంనగర్‌లోనూ కూకట్‌పల్లిలోనూ విన్నవారు ఆ లెక్కలోకి రారు. ఎక్కువ భాగం స్పానిష్‌లో ఉన్న పాటలకు వారు 30,000 యూనిట్లకే గోల్డ్ ఇచ్చే వేరే కొలమానం పెట్టారు. తెలుగుకు అటువంటిది లేదు. నీ పాట చిన్నదని నేననడం లేదు, "గోల్డ్ సర్టిఫైడ్" అనే మాట మాత్రం నీది కాదంటున్నాను.

మన దేశంలో రికార్డు కంపెనీల సంఘం ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ. అది 1936లో, ఆర్‌ఐఏఏ కంటే పదహారేళ్లు ముందే ఏర్పడింది. పాట రాసినవారికీ స్వరపరచినవారికీ రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ వేరే సంస్థ; ఈ రెంటినీ కలగలిపి మాట్లాడవద్దు. నీకు ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీతో తక్షణం పడే పని ఐఎస్‌ఆర్‌సీ కోడ్, అంటే ప్రతి రికార్డింగుకూ ఉండే పన్నెండు అక్షరాంకెల గుర్తు. మన దేశంలో దీని వ్యవహారం చూసేది ఆ సంఘమే. పాటను యాప్‌లకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే రికార్డింగుకు అదే కోడ్ కొనసాగించాలి. రీమిక్స్ చేస్తే మాత్రం కొత్త కోడ్ తీసుకోవాలి. మొన్న నీ పాటను నా మనవరాలు ఫోనులో వెతికిస్తే, గాయని పేరు ఇంగ్లీషులో మూడు రకాల స్పెల్లింగులతో మూడు చోట్ల కనిపించింది. ఒకే పాట మూడు ఖాతాలుగా చీలి ఉంటే, రేపు నిజంగా ఎవరైనా లెక్క అడిగిన నాడు నీ దగ్గర ఏ ఒక్క అంకె కూడా నిలవదు.

స్ట్రీమ్‌లు కొనిపెడతామనీ, డిస్కుతో సహా సర్టిఫికెట్ కూడా ఇస్తామనీ వచ్చే ఏజెంట్లను కొట్టు గడప తొక్కనివ్వకు. నెలనెలా డిస్ట్రిబ్యూటర్ పంపే స్టేట్‌మెంట్లను దేశాలవారీగా, యాప్‌లవారీగా విడదీసి దాచుకో. అడ్వాన్సుగా వచ్చిన డబ్బునూ స్ట్రీమ్‌ల మీద వచ్చిన డబ్బునూ ఒకే గడిలో రాయవద్దు. నా బిల్లు బుక్కుల్లో వాపసు కోసం ఎర్ర సిరాతో వేరే గడి ఉండేది, అది మీ అత్తయ్యకు చిరాకు.

ఫ్రేము పని ఆపనక్కరలేదు. పలక మీద పాట పేరు, గాయని పేరు, డప్పు వాయించిన ఇద్దరి పేర్లు, "యూట్యూబ్‌లో కోటి వీక్షణలు" అనే మాట, ఆ సంఖ్య చేరిన తేదీ చెక్కించు. చెక్కేవాడు శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూస్తాడు కనుక గురువారం లోపల వెళ్లి మాట మార్చి చెప్పు. ఆదివారం ఈ ఆరు నెలల స్టేట్‌మెంట్లు పట్టుకుని మా ఇంటికి రా, ఆ మూడు స్పెల్లింగుల సంగతి ముందు తేల్చుదాం.

ఇట్లు,
మీ మావయ్య